ఎడమవైపు కాపలా

జనవరి 14, ఆదివారం

మన ఊరి ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయింది. రేపటి పత్రిక ఎలాగూ రాస్తుంది కనుక వివరాలు ఇక్కడ అనవసరం. అయినా బాధ్యత ఎవరిదో నమోదు చేయడం నా విధి. ఆట ముగియబోతుండగా, గెలుపు గీత కూతవేటు దూరంలో ఉండగా, ఎడమవైపు కాపలా కాస్తున్న లూషియస్ పెట్‌వే ఒక్క అడుగు ఆలస్యంగా కదిలాడు. అతణ్ణి దాటి వచ్చినవాడు మన క్వార్టర్‌బ్యాక్‌ను వీపు మీద గుద్దాడు. మన క్వార్టర్‌బ్యాక్ బంతిని కుడిచేత్తో విసిరేవాడు. విసరబోయే క్షణంలో ఎడమ పక్కనుంచి ఎవరొస్తున్నారో అతనికి కనబడదు. కనబడని దిక్కును కాయడానికే ఎడమ కాపలాదారు అనే కొలువు ఏర్పడింది. బంతి జారింది. దానితో పాటు ఈ ఏడాదీ జారింది.

నాకు కోపం లేదు. విడాకుల ఉత్తర్వులో కుక్క ఆమెకూ, జట్టు ఆటల సీజన్ టికెట్లు నాకూ దఖలు పడిన నాటినుంచి నేను దేనిమీదా కోపం తెచ్చుకోలేదు.

జనవరి 16, మంగళవారం

కౌంటీ తూనికలు కొలతల కార్యాలయంలో మిగిలింది ఇద్దరం: తనిఖీ అధికారిని నేను, గుమాస్తా ఒడెస్సా పెట్‌వే. లూషియస్ ఆమె కొడుకు. మా బల్లలు ఇరవై ఏళ్ళుగా ఎదురెదురుగానే ఉన్నాయి. ఆ అబ్బాయి బడి వదిలాక ఇక్కడికే వచ్చేవాడు. శుక్రవారం శుక్రవారం వాణ్ణి బస్తాల కాటా మీద నిలబెట్టి బరువు చూసేవాణ్ణి. ప్రభుత్వ ఆస్తిని ఆ విధంగా వాడటం నిబంధనలకు విరుద్ధం. అయినా వాడేవాణ్ణి.

ఆట జరిగిన వారమల్లా ఒడెస్సా నిమ్మకాయ కేకు తెస్తుంది, గెలిచినా ఓడినా. ఈరోజు ఎవరూ ముట్టలేదు.

"తినవయ్యా ఎమిల్. ఓడితే కేకు చేదెక్కుతుందా?"

"అయ్యో, అదేం లేదండీ."

"పై అంతస్తు పన్నులవాళ్ళు మెట్లు మార్చుకుని మరీ దిగుతున్నారు, నాకేదో అంటురోగం పట్టినట్టు."

"ఒక్క అడుగే కదండీ," అన్నాను.

"అదే నేననేది! మా ఆయన ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క అడుగు సరిగ్గా వెయ్యలేదు. ఆయన్నెవడూ రేడియోలో పెట్టి తిట్టలేదు."

రెండు ముక్కలు తిన్నాను. తరువాత ఈస్ట్ హార్బర్‌లో పెట్రోలు పంపుల తనిఖీకి వెళ్ళాను. పని ముగిశాక కారులో కూర్చుని, డేల్ రేడియోలో నడిపే పొద్దుటి క్రీడా కార్యక్రమానికి ఫోన్ చేశాను. పౌరుడిగా అది నా హక్కు. పేరేమిటని అడిగారు. రే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. జలుబు వల్ల దవడలో దగ్గుబిళ్ళ ఉండటంతో గొంతు కూడా నాది కానట్టే పలికింది.

కళాశాలల కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా ఏరుకునే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో మన జట్టు మొట్టమొదటి అవసరం కొత్త ఎడమ కాపలాదారు అని సదరు రే స్పష్టం చేశాడు. ముగింపుగా, "ఎడమ తలుపు మూస్తేనే ఇంటికి నిద్ర!" అన్నాడు. డేల్ బల్ల గుద్ది నవ్వాడు.

జనవరి 23, మంగళవారం

రే ఇప్పటికి అయిదుసార్లు మాట్లాడాడు. ఊళ్ళో ఆదరణ బాగుంది. మాంసం కొట్టు దగ్గర ఇద్దరు వృద్ధులు తలుపు, నిద్ర అనుకుంటూ చేతులు చరుచుకున్నారు.

ఒడెస్సా బల్లమీద రేడియో పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంటుంది.

"విన్నావా ఎమిల్ ఈ రే గాణ్ణి? ముక్కులో బఠాణీ ఇరుక్కున్నట్టు ఆ గొంతూ వాడూను! ఎడమ తలుపు మూస్తేనే ఇంటికి నిద్రట! వీణ్ణే లోపల పెట్టి తలుపు మూసి, తాళంచెవి సరస్సులో పారెయ్యాలి."

"సంస్కారం లేని మనిషి," అన్నాను.

"వాళ్ళమ్మ బతికుంటే ఎంత సిగ్గుపడేదో!"

మా అమ్మ బతికి లేదు. ఆ సంగతి ఒడెస్సాకు తెలుసు. అంత్యక్రియలనాడు అందరికీ వంట చేసి తెచ్చింది ఆమే.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఒడెస్సా నుంచి మౌఖికంగా ఒక విజ్ఞప్తి అందింది.

"నువ్వు ఫోన్ చెయ్యవయ్యా. నేను చేస్తే తల్లి గనక వెనకేసుకొస్తోందంటారు. నీకు ఆట తెలుసు. వాణ్ణి చిన్నప్పట్నుంచీ చూశావు. ఆ రే గాడి నోరు మూయించు."

విజ్ఞప్తిని తిరస్కరించడానికి తగిన కారణం కనబడలేదు. సొంత పేరుతో, సొంత గొంతుతో, ఆమె ఎదుటే ఫోన్ చేశాను. లూషియస్ తొమ్మిదేళ్ళ సేవను ఒక్క అడుగుతో తూచరాదని వాదించాను. వాదన సక్రమంగానే ఉంది. డేల్ ఆవులించాడు.

"ఎమిల్ గారూ, మీరు మాట్లాడుతుంటే నాకు చర్చిలో కూర్చున్నట్టుంది. రే, వింటున్నావా? లేచి రా తమ్ముడూ, ఈయన నీ తలుపు తీసేస్తున్నాడు!"

ఒడెస్సా కళ్ళు తుడుచుకుని నా చెయ్యి నొక్కింది.

ఫిబ్రవరి 7, బుధవారం

రే సమాధానమిచ్చాడు. సదరు ఎమిల్‌కు ఫుట్‌బాల్‌కూ గుమ్మడికాయకూ తేడా తెలియదన్నాడు. నిష్పక్షపాతంగా చూస్తే రే వాదనే బలంగా ఉంది.

ఒడెస్సా ఈసారి కేకు మొత్తం నాకే ఇచ్చేసింది. "నా కొడుకు కోసం నువ్వు తిట్లు తిన్నావు. కనీసం కేకైనా తిను."

ఫిబ్రవరి 9, శుక్రవారం

రేనూ ఎమిల్‌నూ ఒకేసారి ఫోన్‌లో కూర్చోబెట్టి వాదన పెట్టిస్తానని డేల్ ప్రకటించాడు. పంటినొప్పి కారణంగా ఎమిల్ హాజరు కాలేదు. కారణం చెప్పకుండా రే కూడా హాజరు కాలేదు.

"నీకు భయపడ్డాడు పిరికి సన్నాసి," అంది ఒడెస్సా.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఓక్ వీధి మాంసం కొట్టులో కాటా తనిఖీ. యజమాని కొవాలిక్ తూచేటప్పుడు పళ్ళెం అంచున బొటనవేలు ఆనిస్తున్నాడు. కాటాకు ఎర్రచీటీ తగిలించి వాడకం నిలిపివేశాను.

"అలవాటయ్యా అది, మోసం కాదు," అన్నాడు.

"వేలు మీదే కదా?"

"నాదే. కానీ నేను పెట్టింది నాకే తెలీదు."

చట్టంలో అటువంటి మినహాయింపు లేదని తెలియజేశాను. మనిషి తన వేలు ఎక్కడుందో తనకు తెలియదనడం విడ్డూరం.

మార్చి 5, మంగళవారం

మధ్యాహ్నం ఒడెస్సా ప్రమాణపు తూకాల గదిలో ఏడుస్తోంది. మఖ్మలు పెట్టెల్లో కౌంటీ వారి ఇత్తడి తూకాలు ఉండే గది అది. అక్కడ ఏడవరాదు, తేమ తగిలితే తూకం చెడుతుంది. ఆ మాట అనలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఎవరికీ చెప్పవు కదా ఎమిల్?"

"దేనిమీద ప్రమాణం చెయ్యమంటారు?"

"ఇదిగో, ఈ తూకాల మీద."

పెట్టెమీద చెయ్యి వేశాను. అప్పుడు చెప్పింది. లూషియస్ కుడి మోకాలిలో మెత్తటి ఎముకంటూ ఏమీ మిగల్లేదట. జట్టుకు తెలియనివ్వకుండా నెట్టుకొస్తున్నాడు. మార్చి పదిహేడు దాకా జట్టులో ఉంటే ఒప్పందం ప్రకారం వచ్చే ఏడాది జీతం ఖాయమవుతుంది. ఆ మర్నాడే శస్త్రచికిత్స చేయించుకుని, కోలుకుని, ఒక్క సీజన్ ఆడి మానేస్తాడు.

"మొన్న చర్చిలో చూశాను. పాటకి అందరూ లేచారు. వీడు ముందు బెంచీ పట్టుకుని గానీ లేవలేకపోయాడు. ఎవరి వీపునో కాసీ కాసీ నా బిడ్డ కాళ్ళు అరిగిపోయాయి." ముక్కు చీదుకుంది. "ఈ సంగతి మా వెర్నిస్‌కి తెలుసు, ఇప్పుడు నీకు. అంతే."

వెర్నిస్ ఆమె చెల్లెలు. రెండు వీధుల అవతల జుట్టు అలంకరణ దుకాణం నడుపుతుంది. చర్చి బృందంలో అక్కాచెల్లెళ్ళు చిన్ననాటినుంచీ పక్కపక్కనే నిలబడి పాడతారు.

జనవరిలో ఆ ఒక్క అడుగు ఎందుకు ఆలస్యమైందో అర్థమైంది.

మార్చి 7

సదరు రే ఫోన్ చేయలేదు.

మార్చి 11

చేయలేదు. అతడు శాశ్వతంగా విరమించుకున్నట్టు భావించవచ్చు. నాకు సంతోషంగా ఉంది. డేల్ మాత్రం రోజూ, "రే, బతికున్నావా?" అని అడుగుతున్నాడు. అడగడం అతని ఇష్టం.

మార్చి 13, బుధవారం

గస్ అని కొత్తవాడు తయారయ్యాడు. ఎడమవైపు బ్రహ్మాండంగా ఉందట. డ్రాఫ్ట్‌లో మన మొదటి అవసరం బంతి పట్టేవాడట! డేల్ వీణ్ణి గురువుగారూ అని పిలుస్తున్నాడు.

మార్చి 14, గురువారం

వాస్తవాలను వరుసక్రమంలో నమోదు చేస్తాను.

ఉదయం గస్ మాట్లాడాడు. రే ఒట్టి సొల్లుగాడనీ, లోపలి సమాచారం ఒక్క ముక్క కూడా లేనివాడనీ అన్నాడు. నేను ఈస్ట్ హార్బర్ పంపుల దగ్గర ఉన్నాను. ఆ పంపుల తనిఖీ ఇప్పట్లో లేదు. దగ్గుబిళ్ళ కోటు జేబులో ఉంది.

"వచ్చాడ్రా మొనగాడు!" అన్నాడు డేల్. "ఏం రే, గస్ గారు నీకేమీ తెలీదంటున్నారు?"

"నాకు తెలీదా?" అన్నాడు రే. "చర్చిలో పాటకి లేవాలంటే ముందు బెంచీ పట్టుకుని లేచేవాడు, రేపు సెప్టెంబర్లో ఎవడి వీపు కాస్తాడయ్యా? కుడి మోకాలు అయిపోయింది. వెళ్ళి అడగండి!"

డేల్ నవ్వలేదు.

అన్నది రే.

మార్చి 16, శనివారం

జట్టు వైద్యులు నిన్న లూషియస్‌ను పిలిపించి మోకాలు పరీక్షించారు. ఈరోజు అతణ్ణి తొలగించారు. పత్రికలో ఒకే పేరా. అతని సేవలకు జట్టు కృతజ్ఞతలు తెలుపుకుంది.

జట్టు దృష్టితో చూస్తే నిర్ణయం సరైనదే. రేపు పదిహేడు.

మార్చి 18, సోమవారం

ఒడెస్సా పనికి వచ్చింది. రేడియో పెట్టలేదు. కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఎవరో తెలిసిపోయింది ఎమిల్."

నా చేతిలో కాఫీ ఉంది. దాన్ని బల్లమీద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"వెర్నిస్."

"వెర్నిస్ గారా?"

"బెంచీ పట్టుకు లేచినమాట ఇంకెవరికి తెలుసు? బృందంలో నా పక్కన నిలబడి చూసింది అదే. దుకాణంలో తలలు దువ్వుతూ వాగుంటుంది. ఎవత్తి మొగుడో ఈ రే గాడు. నా రక్తం నన్ను అమ్మేసింది."

"ఆవిడ అలా చేసుంటారా?" అన్నాను.

"చెయ్యలేదంటోంది. ఏడుస్తోంది. చేసినవాళ్ళెవరైనా చేశానంటారా?"

అనరు.

నాకు గుండెలమీది బండ దిగినట్టయింది. ఈ వాక్యాన్ని కొట్టివేయబోయి ఆగాను. ఉండనిస్తున్నాను.

మార్చి 20, బుధవారం

నష్టనివారణ చర్యగా రే చివరిసారి మాట్లాడాడు. "నాకు ఏ ఆడమనిషీ చెప్పలేదు, ఎవరింట్లోనూ ఎవర్నీ అనుమానించకండి," అన్నాడు. ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం సాధ్యం కాదు.

పది నిమిషాల్లో ఒడెస్సా నా బల్ల దగ్గరికి వచ్చింది. "విన్నావా! ఆడమనిషి కాదంటున్నాడు! ఆడమనిషని వాణ్ణి ఎవరడిగారు? తనంతట తనే బయటపడ్డాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

దగ్గుబిళ్ళల డబ్బాను వంతెన దగ్గర చెత్తబుట్టలో పడేశాను.

మార్చి 31, ఈస్టర్ ఆదివారం

ఏటా ఈస్టరుకు ఒడెస్సా నన్ను వాళ్ళ చర్చికి పిలిచి, ఆపైన ఇంట్లో భోజనం పెడుతుంది. ఈ ఏడూ పిలిచింది. మూడో వరుసలో కూర్చున్నాను.

బృందంలో ఒడెస్సా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ. అక్కడికి ఎవరూ జరగలేదు. వెర్నిస్ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని చర్చి చిట్టచివరి బెంచీలో కూర్చుంది. అక్కడినుంచే పాడింది. అక్క గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ చెల్లెలి గొంతు అందుకుంటోంది, నడుమ ఇంతమంది జనం తలల మీదుగా. అలవాటు కాబోలు.

లూషియస్ లేవలేదు. కూర్చునే పాడాడు. దాచవలసింది ఇక ఏమీ లేదు.

భోజనంలో పంది తొడ, చిలగడదుంపలు. రెండోసారి వడ్డించబోతే వద్దన్నాను.

"ఒంట్లో బాలేదా ఎమిల్?" అంది.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉదయం వెర్నిస్ కార్యాలయానికి వచ్చింది. అక్కను చూడగానే నోరు తెరవబోయింది. ఒడెస్సా లేచి తూకాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెర్నిస్ కాసేపు ఆ తలుపు వంక చూసి, నా ఎదుట కుర్చీలో కూలబడింది.

"ఎమిల్ బాబూ, నువ్వయినా చెప్పు దానికి. నీ మాట వింటుంది."

"ఏమని చెప్పమంటారు?"

"నేను వాగుడుకాయనే. ఒప్పుకుంటా. ఎవరి మొగుడు ఎవరితో తిరుగుతున్నాడో ఊరంతా చెప్పేశాను. పాస్టరు గారి భార్య విగ్గు సంగతీ చెప్పేశాను. కానీ ఆ పిల్లాడి మోకాలి సంగతి దేవుడికి చేసే ప్రార్థనలో కూడా పైకి అనలేదయ్యా. ఎవరైనా వింటారేమోనని లోపలే అనుకున్నా."

"అర్థమైంది."

"వాణ్ణి నేను పెంచాను. ఇది ఇక్కడ ఉద్యోగం చేస్తుంటే రాత్రింబవళ్ళు ఎత్తుకు తిరిగింది నేను. నువ్వు నమ్ముతావా లేదా, అది చెప్పు ముందు."

"నమ్ముతున్నాను," అన్నాను. ఈ కార్యాలయంలో ఇన్నేళ్ళలో నేను ఇంత కచ్చితంగా ఏ మాటా అనలేదు.

"మరి దానికి చెప్తావా?"

"పరిశీలిస్తాను."

ఆమె నా మొహం వంక చూసింది. ఏం కనబడిందో, సంచీ తీసుకుని లేచింది. "పరిశీలించు బాబూ," అంది. "నాకు అరవయ్యో ఏడు. మెల్లిగా పరిశీలించు."

ఏప్రిల్ 10, బుధవారం

చెప్పాలని నిర్ణయించాను. ముసాయిదా ఉదయం కారులోనే సిద్ధం చేసుకున్నాను: "ఒడెస్సా గారూ, ఆ రే నేనే." అయిదు మాటలు.

ఆమె బల్ల ముందు నిలబడ్డాను.

"ఏమయ్యా, అలా ఉన్నావు?" అంది. తన కుర్చీ నా వైపు తోసింది. "కూర్చో. అసలు నువ్వొక్కడివి లేకపోతే ఈ మూడు నెలలూ నేనేమయిపోయేదాన్నో."

స్టాప్లరు ఉందా అని అడిగాను.

ఏప్రిల్ 11

నా బల్లమీద ఇప్పుడు రెండు స్టాప్లర్లు ఉన్నాయి.

ఏప్రిల్ 22, సోమవారం

డ్రాఫ్ట్ గురువారం సాయంత్రం మొదలై మూడు రోజులు సాగుతుంది. జట్టు అవసరాలపై నా తుది అభిప్రాయం ఏటా రాసుకుంటాను. ఈ ఏడు మానడానికి కారణం లేదు. మన వంతు ఇరవై మూడోది. బంతి పట్టేవాళ్ళు రెండో రోజు కూడా దొరుకుతారు. పరుగును అడ్డుకునేవాళ్ళు మూడో రోజు కూడా దొరుకుతారు. వీపు కాసేవాడు దొరకడు. అయోవా కళాశాల కుర్రవాడు వాన్‌డైక్ ఇరవై మూడు దాకా మిగిలితే కళ్ళు మూసుకుని తీసుకోవాలి. పొడవైన చేతులు, తేలికైన కాళ్ళు. పైగా ఎడమవైపు స్థానం ఇప్పుడు ఖాళీగా ఉంది.

ఎలా ఖాళీ అయిందన్నది ఈ నివేదిక పరిధిలోకి రాదు.

ఒడెస్సా వాళ్ళింటికి రమ్మంది. "లూషియస్ చూస్తానంటున్నాడు. తన చోటు ఎవరికిస్తారో చూడాలట. వాణ్ణి ఒంటరిగా ఎలా కూర్చోపెట్టను? నువ్వు రా." ఇతర పనులున్నాయన్నాను. ఏ పనులని అడిగింది. ఏమీ తట్టలేదు.

ఏప్రిల్ 26, శుక్రవారం

నిన్న సాయంత్రం జరిగింది ఉదయమే రాస్తున్నాను. ఈరోజు పనికి వెళ్ళలేదు. సెలవు కారణం గడిలో స్వంత పనులు అని రాశాను.

వాళ్ళ ముందుగదిలో టీవీకి ఎదురుగా ముగ్గురికి చోటు. పెద్దకుర్చీలో లూషియస్, మోకాలి మీద మంచుగడ్డల సంచీతో. సోఫా చివర ఒడెస్సా. మధ్యలో పూల దిండు ఉన్న కుర్చీ.

"అందులో కూర్చోండి," అన్నాడు లూషియస్. "అది వెర్నిస్ పిన్నిది. ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు."

కూర్చున్నాను. దిండు నడుమున సరిగ్గా అమరింది.

లూషియస్ నా వైపు వంగాడు. వాడి చెయ్యి నా భుజాన్ని పూర్తిగా కప్పేసింది. "మీకొకటి చెప్పాలి. ఫిబ్రవరిలో మీరు ఫోన్ చేశారట, అమ్మ చెప్పింది. ఊరు ఊరంతా మీద పడ్డప్పుడు నా తరఫున మాట్లాడింది మీరొక్కరే. కాటా మీద నిలబెట్టిన మనిషి మర్చిపోలేదన్నమాట."

"అదేమంత పెద్ద విషయం కాదు," అన్నాను. అది నిజం.

"వేరే జట్లేవైనా పిలిచాయా?" అని కూడా అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"మోకాలు రేడియోకెక్కాక ఎవరు పిలుస్తారండీ?" నవ్వాడు. "పోనీలెండి. తొమ్మిదేళ్ళు వెనక్కి చూసుకుంటూ బతికాను. ఇక ముందు చూసుకుంటా."

ఒడెస్సా వంటగదిలోంచి కేకు తెచ్చింది. నిమ్మకాయది. ఫిబ్రవరి తరువాత మళ్ళీ ఇదే చేయడం అంది.

ఎంపికలు సాగుతున్నాయి. ఒక్కొక్క పేరూ చదువుతున్నారు. వాన్‌డైక్ ఇంకా మిగిలే ఉన్నాడు. ఇరవై దాటింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఈ గంటసేపూ నా మనసులో ఏముందో నిజాయితీగా రాయాలంటే, ఒడెస్సా లేదు, వెర్నిస్ లేదు, నా పక్కన మంచుగడ్డల సంచీ లేదు. వాన్‌డైక్ మిగలాలని మాత్రమే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఈ జట్టు ఏప్రిల్లో ఒక్క సరైన పనీ చేయలేదు.

వేదికమీది మనిషి చీటీ విప్పాడు. మన జట్టు పేరు చదివాడు. ఎడమ కాపలాదారు అన్నాడు. అయోవా అన్నాడు. వాన్‌డైక్.

"మంచివాణ్ణే తీసుకున్నారు," అన్నాడు లూషియస్ నెమ్మదిగా. "కాళ్ళు తేలిక."

నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. నా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. నా గొంతు, దగ్గుబిళ్ళ లేని సొంత గొంతు, ఆ గది గోడలు అదిరేలా అరిచింది:

"ఎడమ తలుపు మూస్తేనే ఇంటికి నిద్ర!"

ఊళ్ళో సగంమంది అనే మాటే అది. మాంసం కొట్టు దగ్గర ముసలివాళ్ళు సైతం అంటున్నారు. ఆ సంగతే చెప్పవచ్చు, చెప్పి కూర్చోవచ్చు. కానీ నేను చేతులు దించి ఒడెస్సా వంక చూశాను. చూడకుండా ఉండవలసింది. ఆమె నా మొహం ఇరవై ఏళ్ళుగా చదువుతోంది.

కేకు కోస్తున్న చాకు ఆగింది.

ఆమె మొహంలో ఏం మారిందో చెప్పడానికి నాకు కొలత లేదు. ఈస్ట్ హార్బర్ పంపులు, పంటినొప్పి, తూకాల పెట్టెమీద చెయ్యి. అవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆమె కళ్ళలో పడటం చూశాను.

"అమ్మా?" అన్నాడు లూషియస్.

ఆమె కోస్తున్న ముక్క పూర్తిగా కోసింది. పళ్ళెంలో పెట్టి, ఫోర్కు పక్కన పెట్టి, నా చేతికిచ్చింది. అతిథికి పెట్టకుండా పంపే ఇల్లు కాదది. తరువాత ఫోన్ తీసింది. అవతల మోగుతున్నంతసేపూ నన్నే చూస్తోంది.

"వెర్నిస్," అంది. "రావే. కోటు వేసుకుని రా, బయట చలిగా ఉంది. నీ కుర్చీ ఖాళీ అవుతోంది."

పళ్ళెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. గుమ్మం దగ్గర వెనక్కి చూస్తే లూషియస్ కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తున్నాడు. నా మీదికి వస్తున్నాడనుకున్నాను. రాలేదు. టీవీ కట్టేయడానికి లేచాడు.

వీధి మలుపులో ఆకుపచ్చ టోపీ ఎదురైంది. దాదాపు పరుగెడుతోంది. నన్ను చూసి ఆగింది, ఆయాసపడుతూ.

"పరిశీలించావా బాబూ?" అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. అక్క పిలిచిన సంతోషంలో ఉంది. ఇంకా తెలియదు.

ఏప్రిల్ 28, ఆదివారం

డేల్ ఈ వారమంతా రే కోసం వెతుకుతాడట. మన జట్టుకు సరైన అవసరం చెప్పిన ఏకైక మనిషి అతడేనట. స్టేడియంలో ఒక ఆటకు గౌరవ అతిథిగా పిలుస్తారట.

మే 1, బుధవారం

సోమవారం నుంచి పనికి వెళుతున్నాను. ఒడెస్సా కూడా వస్తోంది. బల్లలు ఎదురెదురుగానే ఉన్నాయి. రేడియో లేదు. బదిలీ కోరుతూ నేను ఇచ్చిన దరఖాస్తును, కౌంటీలో మరో తూనికల కార్యాలయం లేదన్న కారణంతో తిప్పి పంపారు.

తిడుతుందని సోమవారం ఎదురుచూశాను. నిన్న కూడా ఎదురుచూశాను. తిట్టలేదు. ఆదివారం చర్చిలో అక్కాచెల్లెళ్ళు పక్కపక్కనే పాడారని పై అంతస్తు పన్నులవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. వాళ్ళిప్పుడు మా మెట్లమీదనుంచే దిగుతున్నారు.

ఈరోజు పదిగంటలకు ఆమె లేచి, పంపుల తనిఖీ చీటీ నా బల్ల అంచున పెట్టింది. ఏమయ్యా అనలేదు. గొంతులో కోపం కూడా లేదు. పై అధికారితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"రే గారూ, ఇక్కడ సంతకం పెట్టండి."

గదిలో ఇంకెవరూ లేరు. ఆ పేరు గల మనిషి ఈ కార్యాలయంలో లేడని తెలియజేయవచ్చు. రికార్డుల ప్రకారం అది వాస్తవం.

"అలాగేనండీ," అని పలికాను.